గోడెక్కని పెంకు

మూత లేని సీసాను కొండమ్మ ముందుగా చేత్తో ముట్టుకోదు. కాలి బొటనవేలితో ఒకసారి దొర్లించి, లోపల తేలో జెర్రో లేదని చూసుకుని, అప్పుడు వంగుతుంది. వంగేటప్పుడు ఎడమ చెయ్యి నడుం మీద పడుతుంది. కుడి చెయ్యి సీసా మెడ పట్టుకుంటుంది. అడుగున మిగిలిన గుక్కెడూ గడ్డి మీద ఒంపేసి, సీసాను భుజాన వేలాడే గోతాంలోకి జారవిడుస్తుంది. పడ్డ చప్పుడును బట్టి చిట్లిందీ లేనిదీ ఆమెకు తెలుస్తుంది. ఆ చప్పుడు వినడానికి క్షణం ఆగుతుంది. చూసేవాళ్ళకు కుంటుతున్నట్టు కనబడుతుంది గాని, కొండమ్మ కాళ్ళు గట్టివి.

సోమవారం పొద్దున సమాధుల దొడ్డి నిండా సీసాలే. తాగేవాళ్ళకు చచ్చినవాళ్ళకంటే మంచి తోడు ఎక్కడ దొరుకుతుంది? వద్దనరు, వాటా అడగరు. గేటు గొళ్ళెం ఊడి చాలా కాలమైంది. రోడ్డు మీంచి తిన్నగా లోపలికి వచ్చి, చల్లటి రాతి పలకల మీద కూర్చుని తాగి, ఖాళీ సీసా ఏదో ఒక శిలువకేసి కొట్టి పోతారు.

గేటు దగ్గర నల్లరాతి సమాధులు, నడుమ ఇటుక సమాధులు, వెనక పేట వైపు వట్టి మట్టి దిబ్బలు. చాలావాటి గోతులు తవ్వింది ఆమె భర్త సీమోనే. ఇప్పుడు అతనూ వెనక వరసలో ఉన్నాడు. అతని దిబ్బకు రాయి లేదు. గోధుమరంగు సీసాలు మెడలు కిందికి దిగేసి, అడుగులు పైకి వచ్చేలా చుట్టూ పాతింది కొండమ్మ. పేట పిల్లలు వాటి మీద కూర్చుని కూర్చుని ఆ అడుగులు నున్నబడి, పొద్దున ఎండకు తేనె చుక్కల్లా మెరుస్తుంటాయి.

కృపారాణి టీచరు సమాధి దగ్గర కొండమ్మ గోతాం దించింది. క్రితం నెల ఎవడో విసిరిన సీసాకు ఆ శిలువ రెక్క ఒకటి విరిగింది. నిన్న మళ్ళీ అక్కడే కూర్చున్నట్టున్నారు, పలక మీదంతా పచ్చటి పెంకులు. కొంగు చేతికి చుట్టుకుని ఒక్కొక్కటే ఏరింది. పేటలో ఖాళీ సీసాలు కడిగి, బోర్లించి, ఆరబెట్టి, గుడ్డసంచిలో పెట్టి ఇచ్చిన మనిషి ఈమె ఒక్కతే. తతిమ్మావాళ్ళంతా గుమ్మంలోంచి విసిరేసేవాళ్ళే. “నీకు పని తక్కువైద్ది గదా కొండమ్మా” అనేది. అంత మంచి మనిషి రాయి మీద సారా వాసన ఉండకూడదని చెంబెడు నీళ్ళు పోసి కడిగింది.

పేటకూ దొడ్డికీ మధ్య కొత్త గోడ బూడిదరంగులో, మనిషి భుజం ఎత్తున నిలబడి ఉంది. కట్టి ఇంకా నెల కాలేదు. ఇదివరకు అక్కడ చిల్లకంప, ఆ కంప నడుమ ఒక సందు ఉండేవి. పేట పిల్లలు ఆ సందులోంచే బడికి పోయేవాళ్ళు. పేటలో పోయినవాళ్ళు కూడా ఆ సందులోంచే, నలుగురి భుజాల మీద వచ్చేవాళ్ళు. కొండమ్మకు గడప దాటితే సందు, సందు దాటితే దొడ్డి, దొడ్డి దాటితే పని. ఇప్పుడు కాలవ గట్టు చుట్టి రావాలి. పిల్లలు మాత్రం చుట్టి రారు. గోడకు అటూ ఇటూ వాళ్ళ పాదాల ముద్రలు మెట్ల వరసలా కనబడుతున్నాయి. వాటిని చూసి కొండమ్మ ముక్కుతో నవ్వి, గోతాం ఎత్తుకుంది.

*

బుడే సాహెబ్ కొట్టు రోడ్డుకు అవతల, అంగలకుదురు పోయే దారిలో ఉంది. రేకుల కప్పు, ముందు తూకం పళ్ళెం, వెనక ఖాళీ స్థలంలో మూడు గుట్టలు. తెల్ల పెంకు ఒకటి, గోధుమది ఒకటి, పచ్చది ఒకటి. పగలని సీసాలు వేరే వరసలో ఉంటాయి. కడిగితే మళ్ళీ ఎవరో ఫినాయిలో వెనిగరో పోసుకుంటారు. పగిలినవి కొలిమికి పోతాయి. మంగళవారం మంగళవారం లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

తెనాలి ఏం తింటున్నదో, ఏం తాగుతున్నదో, ఎవరికి ఏ జబ్బో ఆ గుట్టల్లో కొండమ్మకు కనబడుతుంది. వానాకాలం దగ్గుమందు సీసాలు, ఎండాకాలం పగిలిన ఊరగాయ జాడీలు, పెళ్ళిళ్ళ రోజుల్లో సెంటు బుడ్లు. జాడీ ముక్క కనబడితే తీసి దూరంగా గిరాటేస్తుంది. పింగాణీ కరగదు. ఒక్క ముక్క గాజులో కలిసినా కొలిమిలో రాయిలా నిలబడిపోతుంది. సోమవారాలు సూర్యలంక బస్తాలు వస్తాయి. శని ఆదివారాలు సముద్రానికి పోయినవాళ్ళు వదిలేసినవి. వాటి నిండా ఇసక. ఆ ఇసకను ఆమె పారబొయ్యదు, ఒక డబ్బాలో పోగేసి మట్టిగిన్నెలు తోముకోవడానికి ఇంటికి పట్టుకుపోతుంది.

“గాజుకి చావు లేదు కొండమ్మా” అంటుంటాడు బుడే సాహెబ్, తీగలు చుట్టిన ఇనప కుర్చీలో కూర్చుని. “అల్లా మనిషికివ్వని వరం దానికిచ్చాడు. ఎన్నిసార్లు కరగబెట్టు, మళ్ళీ గాజే.”

“మా పాస్టరు గారు పునరుత్థానం గురించి ఏడాదికొకసారి చెబుతారు సాయిబన్నా” అంటుంది కొండమ్మ. “మన కొట్లో ప్రతి మంగళవారం ఈస్టరే.”

ఆ మాటకు ఎన్నేళ్ళుగానో ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఆ సోమవారం మాత్రం ఆయన నవ్వే ముఖంతో లేడు. కోడలు మున్నీసా తెచ్చిన టీ చల్లారుతున్నా తాగలేదు. కొండమ్మ తొట్టి ముందు పీట వేసుకుని, నానిన సీసాల మీది కాగితాలు గోటితో వలుస్తూ ఓరగా చూసింది.

“ఏంటి సాయిబన్నా, టీలో ఈగ పడిందా?”

“ప్రకాశరావు గారికి మాటిచ్చా. పచ్చ పెంకు నాలుగు గోతాలు కావాలంట. సాయంత్రం చిట్టిబాబు వచ్చి పట్టుకెళ్తాడు.”

చిట్టిబాబు పేటలో తాపీ మేస్త్రి. కొత్త గోడ కట్టింది అతనే. కొండమ్మ గోరు ఆగింది.

“గోడ మీదకా?”

బుడే సాహెబ్ టీగ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళీ దించాడు. అదే జవాబు.

*

కొండమ్మ పుట్టింది అమృతలూరులో. వాళ్ళ ఇంటి పక్కన ఒక ఆసామి జామతోట ఉండేది. తోట చుట్టూ గోడ, గోడ మీద సీసా పెంకులు. ఆమె తమ్ముడు ఏసుపాదం. గోలీలాటలో వాడి వేలికి ఊళ్ళో ఎదురు లేదు. గురి చూసి కొడితే అవతలి గోలీ కాలవలో తేలాల్సిందే. ఒక వేసవి మధ్యాహ్నం వాడు జామకాయ కోసం గోడ పట్టుకుని పైకి లేచాడు. అరిచాడో లేదో కూడా కొండమ్మకు గుర్తులేదు. కిందికి దిగేసరికి అరచెయ్యి రెండుగా విచ్చుకుని ఉంది.

కట్టు కట్టించారు, మానింది. మానింది గాని పిడికిలి మళ్ళీ మూసుకోలేదు. కొడవలి పట్టలేని చేతిని కూలికి ఎవరు పిలుస్తారు? కోతలకు, కుప్పలకు అందరూ పోతుంటే వాడు అరుగు మీద కూర్చుని తెరిచిన చెయ్యి వంక చూసుకుంటూ ఉండేవాడు. ఆసామి చెడ్డవాడేం కాదు. ఆ మర్నాడే గంపెడు జామకాయలు పంపించాడు. ఆ గంపే కొండమ్మకు ఇప్పటికీ మింగుడు పడదు. కాయలు పంపాడు గాని పెంకులు తియ్యలేదు. తర్వాత ఏసుపాదం సూర్యలంక పోయి వలలు ఆరేసే పనిలో కుదిరాడు. పిడికిలి అక్కర్లేని పని అది. ముసలితనం రాకుండానే అక్కడే పోయాడు.

కొట్టుకు పగిలిన గోలీసోడా సీసాలు వచ్చినప్పుడల్లా వాటి మెడలోంచి రాలిన గోలీని కొండమ్మ కడిగి పాలపొడి డబ్బాలో వేస్తుంది. పేట పిల్లలకు అప్పుడప్పుడూ ఒకటీ అరా ఇస్తుంది. మిగతావి ఎవరికని మున్నీసా అడిగితే, “ఉన్నాడ్లే ఒకడు” అని ఊరుకుంటుంది.

*

ప్రకాశరావు స్కూటరు మీద వచ్చేసరికి ఎండ ఎక్కింది. బాపట్లలో పెళ్ళికి వెళ్తున్నాడు, గంజి పెట్టిన చొక్కా, జేబురుమాలుకు సెంటు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, కృపారాణి టీచరు భర్త. సమాధుల దొడ్డి కమిటీకి ఆయనే పెద్ద. పేటలో ఎవరు పోయినా ఎక్కడ జాగా అన్నది ఆయన వేలు పెట్టి చూపించాలి.

“కొండమ్మా, పొడుగ్గా కోసుగా ఉన్నవి ఏరి పెట్టు. సీసా అడుగులు వద్దు.”

“దేనికండీ?”

“తెలవనట్టు అడుగుతావేంటి? మీ పేట పిల్లలు గోడ దూకి సమాధులన్నీ తొక్కేస్తన్నారు. అటు తాగుబోతులు చూస్తే నా కృపారాణి శిలువ...” జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“పొద్దున నేనే కడిగానండి టీచరు గారి రాయి” అంది కొండమ్మ మెల్లగా. “నిన్న మళ్ళీ కూర్చున్నారు.”

“మరింకేం! నీకే తెలుసు.”

“తెలుసండి. తాగినోళ్ళు గేటులోంచి వస్తన్నారు. తాగినోడు గోడ దూకగలడాండీ? తిన్నగా నడవటమే గగనం వాడికి. గోడ దూకేది బడికి పోయే పిల్లకాయలు. తమరూ మా సీమోనూ కలిసే పోయేవాళ్ళంట గదండీ ఆ సందులోంచి. చిల్లకంపకి తమరి లాగు చిరిగితే మా అత్త కుట్టిచ్చిందంట.”

బుడే సాహెబ్ దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ప్రకాశరావు చెవులు ఎర్రబడ్డాయి.

“గేటూ చేయిస్తాం. ముందు గోడ సంగతి కానీ.”

“అయితే పెంకులు వేరే చోట చూసుకోండి. నా చేతి పెంకు కొలిమికి పోద్ది. గోడకి పోదు.”

“నీ పెంకేంటి? కొట్టు సాహెబ్ గారిది.”

“కొట్టు ఆయనదేనండి. కాదన్నానా?”

ఆయన స్కూటరు స్టాండు తీశాడు. తీసి, ఆగి, వేలు ఆడిస్తూ అన్నాడు: “సీమోను పక్కన జాగా కావాలని పాస్టరు గారి చుట్టూ తిరిగావు గదా. నువ్వూ ఒక రోజు ఆ దొడ్లోకే రావాలి కొండమ్మా. జాగా చూపించేది ఎవరో గుర్తు పెట్టుకో.”

కొండమ్మ తొట్టిలోంచి సీసా తీసి, నీళ్ళు విదిలించి, వెలుతురుకు పట్టి చూసింది.

“వస్తానండి. గేటులోంచి రానియ్యకపోతే గోడ దూకి వస్తా.”

స్కూటరు అంగలకుదురు వైపు తిరిగి కనుమరుగైంది. తర్వాత బుడే సాహెబ్ అన్నాడు, “మున్సిపాలిటీ వాళ్ళు కొట్టు ఎత్తెయ్యమన్నప్పుడు ఆయనే వెళ్ళి మాట్లాడాడు. ఆ ఉపకారం మర్చిపోకూడదు గదా. మాటిచ్చేశా.”

“మాట మీరిచ్చారు సాయిబన్నా. ఏరింది నేను.”

“ఇక్కడ కాకపోతే బజార్లో సీసాలకి కరువా? ఇంకోచోట కొంటాడు.”

“కొనుక్కోనియ్యండి. కొలిమిలో పడ్డ పెంకు మళ్ళీ సీసా అయిద్ది. గోడెక్కిన పెంకు ఇంకేమీ అవదు. కూలిందాకా అక్కడే నిలబడి కోస్తానే ఉంటది.”

*

మధ్యాహ్నం నమాజుకని బుడే సాహెబ్ వెళ్ళాడు. నమాజు అయ్యాక కొట్టు పక్కనే ఉన్న ఇంట్లో భోంచేసి కాసేపు నడుం వాల్చి గాని రాడు. కొండమ్మ టిఫిన్ డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసింది. రేకుల కింద మూలన దిమ్మిస ఆనించి ఉంది. ఒకప్పుడు రోడ్డు పనుల్లో నేల కొట్టిన దిమ్మిస, కర్ర నాలుగుసార్లు మారినా ఇనప అడుగు అదే. లారీలో కాస్త సర్దుకుంటాయని పెద్ద ముక్కల్ని దానితో పైపైన చితకడం అలవాటే. ఆ రోజు కొండమ్మ పైపైన చితకలేదు.

పాత ప్యాంటు కాళ్ళు కత్తిరించి కుట్టుకున్న తొడుగులు మోచేతుల దాకా ఎక్కించుకుంది. ముఖానికి తువ్వాలు బిగించింది. సగానికి కోసిన ఇనప పీపాలో పచ్చ పెంకు తట్టెడు పోసి, పైన తడి గోతాం కప్పి, దిమ్మిస ఎత్తింది.

మొదట పెళపెళమని పెద్ద చప్పుడు. తర్వాత కరకర. ఆ తర్వాత, అప్పడాలు నలిపినంత మెత్తటి చప్పుడు. గోతాం ఎత్తి చూసింది. చిక్కుడుగింజంత ముక్కలు. ఇంకా కోస్తాయి. మళ్ళీ కప్పి మళ్ళీ కొట్టింది. కందిపప్పంత అయ్యేదాకా కొట్టి, పీపా వంచి, బస్తాలో పోసి, ఇంకో తట్ట.

అమృతలూరులో దంపుడు బియ్యానికి పోయిన చేతులవి. నాట్లకు వంగి, మినప పీకి, యంత్రాలు వచ్చాక ఆ పనీ పోయి, సీమోనుతో గోతుల మట్టి ఎత్తి, ఆఖరికి ఈ కొట్లో తేలిన చేతులు. ఎప్పుడూ ఎవరో చెప్పిన పనే చేశాయి. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకేనేమో దిమ్మిస బరువే తెలియలేదు. పచ్చది అయిపోయాక గోధుమది పట్టింది. పచ్చది లేదంటే గోధుమది ఇమ్మంటారు. గోధుమది అయిపోయాక తెల్లది. నడుమ ఒకసారి ఊపిరి అందక, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఎడమ భుజం లోపల ఎవరో తాడు మెలిపెడుతున్నట్టుంది. దిమ్మిస పనికి పట్టేసిందిలే అనుకుని భుజం విదిలించి లేచింది.

మున్నీసా ఒకసారి తొంగి చూసింది. “అమ్మో, ఏంటి పిన్నీ ఈ మోత? మామకి నిద్ర పట్టక తిట్టుకుంటున్నారు.”

“రమ్మను. ఇక్కడికొచ్చి తిట్టమను.”

బుడే సాహెబ్ నిజంగానే వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. గుట్టలున్న చోట మూడు రంగుల బస్తాలు కనబడ్డాయి. ఒక బస్తాలో చెయ్యి పెట్టబోయి, అలవాటు కొద్దీ వెనక్కి తీసుకుని, చివరికి పెట్టాడు. పిడికెడు పచ్చటి పొడి వేళ్ళ సందుల్లోంచి జారింది.

“ఏంటే ఇది?”

“పెంకు.”

“ఇది పెంకా? పంచదార!”

“లారీలో ఎక్కువ పట్టిద్ది. మీకేం నష్టం?”

“నా మాటని పొడి కొట్టావు గదే! ఆయనకి ఏం పంపమంటావు?”

“ఇదే పంపండి. గోడ మీద చల్లుకుంటారు, ముగ్గులాగా.”

బుడే సాహెబ్ కోపం నిలుపుకోవాలని బాగా ప్రయత్నించాడు. కుర్చీ దాకా వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి కుర్చీ తీగలు కిరకిరలాడాయి. ఆయన పొట్ట ఊగుతోంది. “ముగ్గంట” అని ఒక్క మాట అని, టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు.

*

పొద్దు వాలాక చిట్టిబాబు తట్ట పట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ దాకా సిమెంటు.

“అత్తా, తొందరగా ఇయ్యి. ఒక వరస సిమెంటు పరిచొచ్చా. గట్టిపడిపోద్ది.”

కొండమ్మ బస్తా మూతి తెరిచి చూపించింది. చిట్టిబాబు పిడికెడు తీసి, వాసన చూసినంత దగ్గరగా చూశాడు.

“ఇది గుచ్చితే ఎవడికి గుచ్చుకుద్ది? చీమకా?”

“నీ చిన్నోడు రోజూ ఎక్కడ దూకుతున్నాడ్రా?”

చిట్టిబాబు తట్ట కేసి చూశాడు. “పనత్తా. చెప్పింది చేస్తా. నేను కాదంటే ఇంకో మేస్త్రి వస్తాడు.”

“వచ్చేవాడి సంగతి తర్వాత. పరిచిన సిమెంటు సంగతి చూద్దాం నడు.”

పాలపొడి డబ్బా చంకలో పెట్టుకుని ఆమె ముందు నడిచింది. రోడ్డు దాటి, గొళ్ళెం లేని గేటు తోసుకుని, నల్లరాళ్ళు, ఇటుకలు, మట్టి దిబ్బలు దాటి గోడ దగ్గరికి వచ్చింది. గోడ కొసన, ఒకప్పుడు సందు ఉన్న చోట, పైవరస తడిగా నల్లగా మెరుస్తోంది. చిట్టిబాబు వేసుకున్న మంచె పలక మీదికి కొండమ్మ ఎక్కి నిలబడింది. డబ్బా మూత తీసి మొదటి గోలీని రెండు వేళ్ళ నడుమ పట్టుకుంది. తడి సిమెంటులోకి బొటనవేలితో నొక్కింది. సగం దిగింది. సగం పైన మిగిలింది, గుండ్రంగా, లేత పచ్చగా. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి.

చిట్టిబాబు నోరు తెరిచి చూసి, తర్వాత తాపీ తీసుకుని ఆమె వెనకే ఒక్కొక్క గోలీ చుట్టూ సిమెంటు సర్దుతూ వచ్చాడు. “నా సర్వీసులో ఇట్టాంటి గోడ కట్టలేదత్తా.”

గోడ అవతల పిల్లలు మూగారు. “మామ్మా! అవి మాకియ్యవా?”

“ఇక్కడే ఉంటాయిరా మీకు. ఎక్కినప్పుడల్లా చేతికి తగులుతాయి. ఇయ్యాలకి మాత్రం ముట్టుకోమాకండి, పచ్చిగా ఉంది.”

“రేపు ఆయనొచ్చి చూస్తే ఏం చెప్పను?” అన్నాడు చిట్టిబాబు.

“కొండమ్మ పెట్టిందని చెప్పు.”

“పీకమంటే?”

“పీకితే పైవరస ఊడొచ్చిద్దని చెప్పు. మేస్త్రివి గదా, ఆ మాత్రం అబద్ధం రాదా?”

డబ్బా ఖాళీ అయింది. బోర్లించి తట్టి చూసుకుంది. ఏసుపాదానికని దాచినవన్నీ వరసగా గోడెక్కాయి. ఇంటికి పోవాలంటే మళ్ళీ గేటు, మళ్ళీ రోడ్డు, మళ్ళీ కాలవ గట్టు. కొండమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది. సిమెంటు పరవని చోట గోడ మీద రెండు చేతులూ ఆనించింది.

“అత్తా! వయసెంతనుకుంటున్నావు?”

“నీ భుజమియ్యి, కబుర్లు తర్వాత.”

గోడెక్కి కాసేపు అక్కడే కూర్చుంది, కాళ్ళు పేట వైపు వేలాడేసి. ఊపిరి కుదుటపడనిచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే సీమోను చుట్టూ సీసా అడుగులు వెలుగుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. “చాల్లే, సర్కసు కాదు” అని కసిరి, జారి దిగింది.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. బియ్యం పోసి వచ్చి, గుమ్మంలో మెట్టు మీద కూర్చుని స్తంభానికి ఆనుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడవబోయింది. ముడుచుకోలేదు. తెరిచిన అరచేతి వంక చూసి, నవ్వుకుంది. “ఒరే ఏసూ” అంది పైకే. లోపల అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. లేచి గంజి వార్చాలి అనుకుంది.

*

మంగళవారం గుడి గంట కొట్టాక కూడా సమాధుల దొడ్లో గోతాం వేసుకున్న మనిషి కనబడలేదు. బుడే సాహెబ్ రెండుసార్లు రోడ్డు దాకా వచ్చి చూశాడు. సూర్యలంక బస్తాలు విప్పకుండా అలాగే ఉన్నాయి. మున్నీసాను పంపాడు. మున్నీసా వెళ్ళేసరికి కొండమ్మ స్తంభానికి ఆనుకునే ఉంది, పని మధ్యలో కునుకు తీస్తున్నట్టు. పొయ్యి దానంతటదే ఆరిపోయి ఉంది. అడుగంటిన అన్నం మీద మూత ఓరగా ఉంది.

ఆ రోజు లారీ వచ్చింది. మూడు రంగుల బస్తాలూ ఎత్తుకుపోయింది. బుడే సాహెబ్ లారీ కనబడినంత దూరం నిలబడి చూశాడు.

బాపట్ల నుంచి తిరిగొచ్చిన ప్రకాశరావు గోడ చూశాడు. కొండమ్మ చెప్పమన్నదే చిట్టిబాబు చెప్పాడు. ఆయన పీకమనలేదు, ఉండనిమ్మనీ అనలేదు. గోతి తవ్వేవాళ్ళు జాగా అడగడానికి వచ్చినప్పుడు మాత్రం, వెనక వరసలో సీసా అడుగుల పక్కకు వేలు చూపించాడు.

కూతురు నిర్మల రేపల్లె నుంచి వచ్చింది. మనవడు చెన్నై నుంచి చేరేదాకా ఆగి, బుధవారం సాయంత్రం పెట్టె లేపారు. అలవాటైన కాళ్ళు కదా, మోసేవాళ్ళు పేట చివరిదాకా పాత దారినే నడిచారు. గోడ అడ్డం వచ్చాక గాని ఆగలేదు. ఎవరో కాలవ గట్టు మీదుగా చుట్టి పోదామన్నారు. ముందు మోస్తున్న చిట్టిబాబు కదల్లేదు.

గోడకు ఇవతల, దొడ్లో గోతి దగ్గర, పాస్టరు గారు, ప్రకాశరావు, కొంచెం ఎడంగా టోపీ పెట్టుకుని బుడే సాహెబ్ నిలబడి ఉన్నారు. బుడే సాహెబ్ ప్రకాశరావు వైపు చూడకుండానే, దగ్గినట్టు మెల్లగా అన్నాడు.

“ఎట్టా వస్తానో ఆవిడ ముందే చెప్పింది గదండీ.”

ప్రకాశరావు గోడ దగ్గరికి నడిచాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు చేతులూ పైకి చాపి, “రానియ్యండి” అన్నాడు.

భుజాల ఎత్తు గోడ, భుజాల మీద పెట్టె. ముందు అంచు గోడ మీద ఆనింది. నలుగురూ వెనక నుంచి గట్టిగా తోసే పని కూడా లేకపోయింది. గోలీల మీద పెట్టె చిన్న కిర్రుమన్న చప్పుడుతో, నీళ్ళ మీద పడవలా జారి ఇవతలికి వచ్చింది. ప్రకాశరావు దాన్ని అందుకున్నాడు. పక్కన ఇంకో ముగ్గురు చేరారు. పిల్లలు గోడెక్కి దిగి, వరసగా వెనకే నడిచారు.

పాట మొదలైంది. అందరూ గోతి వైపు కదిలాక ప్రకాశరావు మాత్రం గోడ పక్కనే, ఆయాసం తీరేందుకు ఆగాడు. ఆనుకోవడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి ఒక్క క్షణం గాలిలో నిలిచి, మెల్లగా గోడ మీద వాలింది. అరచేతి కింద, పగలంతా ఎండ తాగి ఇంకా వెచ్చగా ఉన్న గోలీ ఒకటి, గుండ్రంగా, నున్నగా, లేత పచ్చగా.